నీలం పూల ఎన్నద్రి: చేనులోది వేరు, వరి ఒడ్డు మీదిది వేరు

ప్రశ్న: పత్తి చేనులో నీలం పూల ఎన్నద్రి కలుపు విపరీతంగా పెరిగింది. రెండుసార్లు గుంటక తోలినా వారం తిరక్కముందే మళ్లీ లేస్తోంది. వరి ఒడ్ల మీద కూడా అలాంటి పూలే ఉన్నాయి గానీ ఆకు సన్నగా ఉంది. రెండూ ఒకటేనా?
– ఒక రైతు, తాండూరు ప్రాంతం, వికారాబాద్ జిల్లా

జవాబు: రెండూ ఒకటి కావు. ఆకులో తేడాను మీరు బాగా గమనించారు, అసలు ఆనవాలు అక్కడే మొదలవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి చేనులోది శాస్త్రీయంగా కామెలినా బెంగాలెన్సిస్ అనే మొక్క. దీన్నే కొన్నిచోట్ల వెన్నదేవి అంటారు. ఒడ్డు మీదిది దాని దగ్గరి చుట్టం, కామెలినా డిఫ్యూసా అయి ఉండాలి. రెండూ మన నేలలో మొదటి నుంచీ ఉన్నవే. పువ్వు చూసి తేడా పట్టడం కష్టం. రెండూ పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి.

ఆకు కాడను పట్టుకునే చోట చూడండి. వెన్నదేవికి అక్కడ ఎర్రటి నూగు ఉంటుంది, ఆకు వెడల్పుగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. డిఫ్యూసా ఆకు సన్నగా, పొడవుగా, నున్నగా ఉంటుంది. ఇక పువ్వు బయటికి వచ్చే పచ్చటి దొన్నె చూడండి. వెన్నదేవిలో దాని అంచులు కింద అతుక్కుని గరాటులా ఉంటుంది. డిఫ్యూసాలో తమలపాకును మధ్యకు మడిచినట్టు ఉంటుంది, అంచులు మొదలు దాకా విడివిడిగా తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఒక మొక్కను పారతో మట్టితో సహా పెకలించి, నీళ్లలో కడిగి చూడండి. వెన్నదేవి అయితే మట్టి లోపల తెల్లటి తీగలు, వాటికి చిన్న చిన్న కాయలు కనిపిస్తాయి. ఈ మొక్క భూమి లోపల కూడా పూస్తుంది. ఆ పువ్వు విచ్చుకోకుండానే కాయ కడుతుంది. లోపలి గింజ పైగింజ కన్నా పెద్దది, దాని మొలకకు బలం ఎక్కువ. పైన నీలం పువ్వు కనబడకముందే లోపలి పూత మొదలవుతుంది కాబట్టి, పువ్వు కోసం ఆగితే ఆలస్యమైనట్టే. డిఫ్యూసాకు ఈ లోపలి కాపు లేదు.

గుంటకతో పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. తడి నేలలో తెగిన ప్రతి కణుపూ వేరు పోసుకుంటుంది. అంటే ఒక్క మొక్కను పది ముక్కలు చేసి నాటినట్టు. అందుకే వాన తెరిపి ఇచ్చి పైమట్టి ఆరాకే గుంటక తోలండి. రెండు మూడు ఆకుల దశలోనే, ఎర్ర నూగు చూసి, వేళ్లతో సహా పీకించండి. పీకినదాన్ని సాళ్లలో పడేయకుండా చేను బయటికి మోయించండి. కాడలో నీరు ఎక్కువ కాబట్టి రోజుల తరబడి ఎండదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందుకు ఇది తేలిగ్గా లొంగదు, పైగా పత్తి మీద పడితే పత్తే పోతుంది, ఆ ప్రయత్నం చేయకండి.

మీ ఇంట్లో ఎన్నద్రి కూర వండుకునే అలవాటు ఉంటే, మందు కొట్టిన చేనులోది మాత్రం కోయొద్దని ఆడవాళ్లకు తప్పక చెప్పండి.

ఒడ్డు మీది డిఫ్యూసాతో మీ పత్తికి ఇబ్బంది లేదు. దగ్గర్లో అరటి తోట గానీ, దోస, బీర పాదులు గానీ ఉంటే మాత్రం తీసేయండి. ఈ జాతి మొక్కల్లో దోస మొజాయిక్ వైరస్ నిలవుంటుంది, పేనుబంక దాన్ని తోటలోకి మోస్తుంది.