పిందె రాలితే చెట్టుని తిట్టకండి: మొక్కల కబుర్లు, పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి చాలానే వచ్చాయండీ, అన్నిటికీ రాయాలంటే ఉన్న రెండు పేజీలు చాలవు, అందుకే ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశా. సగానికి పైగా "మా చెట్టు పూయట్లేదు, కాయట్లేదు" అనే గొడవే. ముప్పై ఏళ్ళు కాలేజీలో బోటనీ చెప్పినప్పుడు కూడా స్టాఫ్ రూంలో నన్నందరూ అడిగింది ఇదే, సిలబస్ లోది ఒక్కరూ అడగలేదు.

ప్రశ్న: మేడం, మాది తణుకు. నాలుగో అంతస్తు పైన మిద్దె తోట పెట్టాను. సొరపాదు పందిరంతా అల్లుకుంది, రోజూ పది పన్నెండు తెల్లపూలు పూస్తున్నాయి, కానీ పిందె వేలంత అయ్యేసరికి పసుప్పచ్చగా అయిపోయి రాలిపోతుంది. వేపపిండి వేశా, పేడ వేశా, యూరియా కూడా వేశా. మా అత్తగారు దిష్టి తగిలింది, గుమ్మడికాయ కట్టమంటున్నారు.

జవాబు: గుమ్మడికాయ కట్టాలన్నా ముందు గుమ్మడిపాదుకి పిందె నిలబడాలి కదమ్మా, దాని కథా ఇదే!

మీరు పిందె కట్టింది అనుకుంటున్నారే, అది కట్టిన పిందె కాదు. సొరపాదులో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు విచ్చుకోకముందే దాని కింద నూగు నూగుగా బుల్లి సొరకాయ బొమ్మ ఉంటుంది, మగపువ్వు కిందైతే ఉత్త కాడే. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు మీద పడితే ఆ బొమ్మ కాయవుతుంది, లేకపోతే పాదు దాన్ని వదిలేసుకుంటుంది. గింజలు పట్టని కాయకి నీళ్ళూ పిండీ పొయ్యడం దానికి దండగ కదా.

ఇప్పుడు అసలు తిరకాసు ఏంటంటే సొరపువ్వు సాయంత్రం పొద్దు వాలాక విచ్చుకుంటుంది, తెల్లారాక ముడుచుకుపోతుంది. ఆ తెల్ల రంగు రాత్రి తిరిగే చిమ్మెటల కోసం. పల్లెలో పెరట్లో పందిరి అయితే అవే వచ్చి పని చేసి పోతాయి, ఊరి మధ్య నాలుగో అంతస్తు మీదకి ఎన్ని వస్తాయి చెప్పండి. కాబట్టి ఆ పని మీరే చెయ్యాలి. దీపాలు పెట్టే వేళకి మేడెక్కి, ఆ రోజే విచ్చుకున్న మగపువ్వు ఒకటి తుంచి, దాని రేకులన్నీ వెనక్కి వలిచేసి, మధ్యలో పసుపు పొడి అంటుకుని ఉన్న ముద్దని ఆడపువ్వు మధ్యలో జిగటగా ఉండే చోట మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. అతుక్కుందో లేదో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది, పిందె లేత పచ్చగా నిగనిగలాడుతూ లావెక్కుతుంది, కాడ బరువుకి కిందకి వంగుతుంది. బీర, పొట్ల కూడా సాయంత్రం బ్యాచే. గుమ్మడి, దోస, కాకర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటికి సాయంత్రం వెళ్తే లాభం లేదు. నాకు తెలిసిన ఒకాయన నెల రోజులు రోజూ ఉదయం కాఫీ కప్పు పట్టుకుని సొరపూలకి బ్రష్ రాశాడు, వాడిపోయిన పూలకి!

యూరియా ఆపెయ్యండి. నత్రజని ఎక్కువైతే ఆకే ఆకు, పూసినా మగపూలే ఎక్కువ. మొదట్లో ఓ వారం పది రోజులు ఉత్త మగపూలే రావడం మామూలే, కంగారు పడొద్దు. యూట్యూబ్‌లో 3జీ (అంటే మూడో తరం తీగ) కటింగ్ అని ఊదరగొడుతున్నారు చూడండి, అందులో కొంత నిజం ఉంది, పక్క తీగల మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి కాబట్టి కొస తుంచితే పక్క తీగలు లేస్తాయి, అంతే, దానికి అంత పేరెందుకో. ఇంకోటి, రాలిన పిందెని ఒకసారి తిప్పి చూడండి. సూదితో గుచ్చినట్టు చుక్క ఉండి, అక్కడ జిగురు కారి, కోస్తే లోపల పురుగు కనిపిస్తే అది పండు ఈగ పని, అప్పుడు రాలిన పిందెలు కుండీలోనే వదిలెయ్యకుండా ఏరి పారేసి ఈగల్ని పట్టే బుట్ట కట్టుకోవాలి.

ప్రశ్న: నమస్తే మేడం, మాది సూర్యాపేట దగ్గర పల్లె. పండు తిని గింజలేస్తే మూడు బొప్పాయి చెట్లు మొలిచినయ్. రెండింటికి పొడుగు పొడుగు కాడలకి గుత్తులు గుత్తులుగా పూలు వేలాడుతున్నయ్ గానీ ఒక్క కాయ లేదు. కాండానికి మేకు కొడితే ఆడచెట్టు అయితదని అంటున్నరు, కొట్టమంటరా?

జవాబు: వద్దన్నా, మేకు కొడితే దానికి నొప్పే గానీ ఆడచెట్టయ్యేది లేదు. పొడుగు కాడలకి వేలాడుతున్నాయంటే అవి మగచెట్లే. బొప్పాయిలో మూడు రకాలు, మగ, ఆడ, రెండూ ఉన్న ద్విలింగ చెట్టు. ఆడచెట్టు పువ్వు ఆకు మొదట్లో కాండానికి అతుక్కునే ఉంటుంది, కాయ గుండ్రంగా వస్తుంది. ద్విలింగ చెట్టు కాయ కోలగా, పొడుగ్గా ఉంటుంది, బజార్లో మనం కొనే పొడుగు బొప్పాయిలన్నీ దాదాపు అవే. మేకు కథ ఎందుకు పుట్టిందంటే మగచెట్టు కూడా వాతావరణం మారినప్పుడు అప్పుడప్పుడూ పొడుగు కాడకి ఓ చిన్న కాయ వేలాడేస్తుంది. అదే టైంలో ఎవడో మేకు కొట్టి ఉంటాడు, పేరు మేకుకి పోయింది.

గింజ నుంచి మొలిచినది మగో ఆడో పూత వచ్చేదాకా, అంటే నాలుగైదు నెలలు ఆగితే గానీ కంటికి తెలియదు. అందుకే పాత రకాలు వేసే రైతులు గుంటకి మూడు మొక్కలు పెట్టి, పూత చూశాక మగవి పీకేసి, పది ఆడచెట్లకి ఒక మగచెట్టు లెక్కన ఉంచుతారు. మీరూ ఒకటి ఉంచి ఒకటి కొట్టెయ్యండి, మూడోది ఆడదే అయితే ఆ మగచెట్టు అవసరం దానికుంటుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే నర్సరీలో రెడ్ లేడీ లాంటి తైవాన్ రకం మొక్క తెచ్చుకోండి, వాటిలో ఆడ, ద్విలింగ చెట్లే వస్తాయి.

ప్రశ్న: అక్కా, హైదరాబాద్‌లో ఉంటాం. కడియం నుంచి తెచ్చిన రెండు చామంతి కుండీలు ఉన్నాయి, ఒకే రోజు కొన్నాం, ఒకే మట్టి. పెరటివైపు పెట్టింది డిసెంబర్లో విరగబూసింది, గేటు దగ్గరది మాత్రం పచ్చగా ఏపుగా పెరిగిందే గానీ మొగ్గ లేదు. రెండేళ్ళ నుంచీ ఇంతే.

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు భలే సంతోషమేసింది, ఎందుకంటే జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మీ గేటు ముందు వీధి దీపం ఉందా? కచ్చితంగా ఉండే ఉంటుంది.

చామంతి రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుంటుంది. మన హైదరాబాద్‌లో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబర్‌లో దాదాపు 11 గంటలే. వానలు వెనక్కి తగ్గాక రాత్రులు పెరుగుతుంటే ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ద్వారా మొక్కకి ఆ సంగతి తెలుస్తుంది, అప్పుడు కొసలు ఆకులెయ్యడం మాని మొగ్గలెయ్యడం మొదలుపెడతాయి. మనం పగలు అంటాం గానీ దానికి ముఖ్యం ఎడతెగని చీకటి. మధ్యలో కాసేపు లైట్ పడినా లెక్క తప్పుతుంది, ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. మీ గేటు దగ్గర కుండీకి రెండేళ్ళుగా డిసెంబరే రాలేదన్నమాట పాపం.

పూతకి పగటి పొడుగుతో లింకుందని మొదట తేల్చింది 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు. వాళ్ళ దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది, వేసవంతా మనిషిని మించి పెరిగేది, పూత మాత్రం రాదు, అదే చలికాలం గాజు ఇంట్లో పెడితే పొట్టిగా ఉండగానే పూసేది. ఎరువు, నీళ్ళు, వేడి అన్నీ మార్చి చూసి చివరికి చీకటి గదిలో పెట్టి తీసి చూస్తే తేలింది. మన చామంతి రైతులు ఇదే కిటుకుని తిరగేసి వాడతారు, రాత్రిళ్ళు హైవే మీద పోతుంటే పొలంలో వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తే అది పెళ్ళి పందిరి కాదు, పూత ఆలస్యం చేసి రేటున్నప్పుడు కోసుకోవడానికి.

మీరు చెయ్యాల్సిందల్లా సెప్టెంబర్ చివర్లో ఆ కుండీని కూడా పెరటివైపు జరపడమే. జరపడం కుదరకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్న ఏడింటికి తీసెయ్యండి, మొగ్గలు బాగా కనబడేదాకా ఒక్క రోజు కూడా మర్చిపోకూడదు. ఈ లెక్క గోంగూరకీ ఉంది, రాత్రులు పొడుగయ్యాక వేస్తే జానెడు ఎత్తులోనే పూతకొచ్చేసి ఆకు తగ్గిపోతుంది, గింజలు ఏ నెలలో వేశారో చూసుకోండి. గులాబీకి ఈ పట్టింపులేం లేవు.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. మేడిపండు కోస్తే లోపల చిన్న చిన్న పురుగులు ఉన్నాయి. పైన కన్నమే లేదు, మరి ఎలా వెళ్ళాయి? మా సార్ పద్యం చెప్పారు గానీ ఇది చెప్పలేదు.

జవాబు: కన్నా, నువ్వడిగింది ఈ పేజీ మొత్తంలో మంచి ప్రశ్న. ముందు నువ్వు ఒకటి చెప్పు, మేడిచెట్టు పూలు ఎప్పుడన్నా చూశావా? చూసుండవు, ఎందుకంటే పూలన్నీ ఆ కాయ లోపలే ఉంటాయి. మనం కాయ అనేది నిజానికి వందల పూలని లోపలికి పెట్టి మూసేసిన ఒక సంచి. కాయ కొసన సన్నటి గుంటలా ఉంటుంది, లెన్స్ పెట్టి చూస్తే పొలుసులు ఒకదాని మీద ఒకటి మూసుకుని కనిపిస్తాయి. దారి అదే.

ఆ పూలకి పుప్పొడి మోసేది మేడికందిరీగ, మన ఇంట్లో కుట్టే కందిరీగకి చుట్టమే గానీ చీమ కన్నా చిన్నది. ఆడ కందిరీగ వాసన పట్టుకుని వచ్చి ఆ పొలుసుల మధ్య నుంచి దూరుతుంది, ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రావడం అనేది లేదు. లోపల పూల మీద తిరుగుతూ, తను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడి రాస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పెట్టిన పువ్వులో పిల్ల పెరుగుతుంది, పెట్టని దాంట్లో గింజ పెరుగుతుంది. చెట్టు కొన్ని పూలని అద్దెకిచ్చినట్టు.

తర్వాత మగ కందిరీగలు తాము పెరిగిన పూలలోంచి ముందు బయటపడతాయి, వాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జత కట్టి, కాయ గోడకి సొరంగం తవ్వి, అంతటితో అయిపోతాయి. ఆడవి పుప్పొడి పూసుకుని ఆ సొరంగంలోంచి ఎగిరి ఇంకో మేడికాయ వెతుక్కుంటాయి, వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే కాబట్టి ఊళ్ళో ఎక్కడో ఒకచోట లేత కాయలున్న మేడిచెట్టు ఉండాల్సిందే. నువ్వు చూసిన వాటిలో ఇవే కాక ఊరికే తిని పోయే వేరే కందిరీగలు, చీమలు కూడా ఉండొచ్చు.

మర్రికీ రావికీ కూడా ఇలాగే ఎవరి కందిరీగలు వాళ్ళకున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియా వాళ్ళు టర్కీ నుంచి స్మిర్నా అనే అంజీర్ రకం తెచ్చుకుని ఏళ్ళ తరబడి పెంచితే కాయలన్నీ రాలిపోయేవి, చివరికి 1899లో ఆ కందిరీగని తెచ్చి నిలబెట్టుకున్నాకే కాపు దక్కింది. మీ సార్‌కి ఇది చెప్పు, పద్యం తప్పని మాత్రం అనకు, పురుగులుండటం నిజమే కదా.

ప్రశ్న: కాకినాడ నుంచి పిల్లల్ని తీసుకుని కోరింగ మడ అడవికి వెళ్ళామండీ. చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలో మేకులు పాతినట్టు వేలాది పుల్లలు పైకి లేచి ఉన్నాయి. ఇంకో చెట్టుకి ములక్కాడల్లాంటివి వేలాడుతున్నాయి. ఏంటవి?

జవాబు: ఆ పుల్లలు మడచెట్టు వేర్లే. ఆ బురద చేత్తో తీస్తే నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, గాలి లేదనడానికి గుర్తు. వేరుకీ ఊపిరి కావాలి కదా, అందుకే పైకి లేచి గాలి పీల్చుకుంటాయి, ఒక్కో దాని మీదా సన్నటి రంధ్రాలుంటాయి. ఈసారి వెళ్తే మడచెట్టు ఆకు వెనక్కి తిప్పి నాలిక కొసతో తాకి చూడండి, ఉప్పగా తగులుతుంది. లోపలికొచ్చిన ఉప్పుని ఆకు గ్రంథుల నుంచి బయటికి తోసేస్తుంది, ఎండలో అది మెరుస్తుంది కూడా.

ములక్కాడలు కాయలు కావు, మొలకలు. ఉప్పుపొన్న జాతి చెట్లు గింజని బురదలో పడేసి నీ చావు నువ్వు చావు అనవు, అలలొచ్చే చోట గింజ మొలిచేలోపే కొట్టుకుపోతుంది, అందుకని తల్లి చెట్టు మీదే మొలకెత్తించి, పొడుగ్గా, కింది కొస మొనదేలాక వదులుతాయి. ఆటు టైంలో పడితే కొన్ని తిన్నగా బురదలో దిగబడతాయి, పోటు టైంలో పడితే తేలుకుంటూ ఎక్కడికో పోయి అక్కడ వేరు వేస్తాయి. పిల్లలు వాటిని కోస్తుంటే మాత్రం ఆపండి, ఒక్కోటి తయారవడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: అరటిపండులో గింజలెందుకు ఉండవు? గెల కొట్టాక చెట్టు నరికెయ్యాలా?

జవాబు: అడవి అరటిలో ఉంటాయండీ, పలుకు రాళ్ళలాంటివి, పండంతా గింజలే. మనం తినే చక్కెరకేళి, అమృతపాణిలకి క్రోమోజోములు రెండు సెట్లకి బదులు మూడు సెట్లు ఉండటంతో గింజ కట్టదు, మధ్యలో కనిపించే నల్ల చుక్కలు దాని గుర్తులు. అందుకే పిలకలే దిక్కు. ఆకులు సన్నగా కత్తిలా ఉన్న పిలక తీసుకోండి, చిన్నప్పుడే ఆకులు వెడల్పుగా విప్పుకున్నది బలహీనం. అసలు కాండం భూమిలో దుంపే, పైన కనిపించేది ఆకు మట్టలు ఒకదాన్నొకటి చుట్టుకున్న బోదె. గెల కొట్టాక ఆ బోదె మళ్ళీ కాయదు, కానీ వెంటనే మొదలంటా నరక్కండి, సగం పైన కోసి వదిలెయ్యండి, అందులో మిగిలిన నీరూ సారం మెల్లగా పక్క పిలకకి దిగుతాయి, నెలా రెండు నెలల్లో అదే ఎండి కూలిపోతుంది.