అమ్మాయి వాదిస్తోందని హాస్టల్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. గణితం, స్టాటిస్టిక్స్ ఆమె సబ్జెక్టులు. మార్కులు తగ్గలేదు కానీ మనిషి మారిపోయింది. ఎకనామిక్స్ ఉపన్యాసాలకు వెళ్తోంది, ఇంటికొస్తే కూలి రేట్లు, రిజర్వేషన్ల మీద నాతో వాదిస్తోంది. పీజీ ఎకనామిక్స్‌లో చేస్తానంటోంది. హాస్టల్ మాన్పించి, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయించి, బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: వద్దండీ. మార్కులు తగ్గలేదని మీరే రాశారు. తగ్గి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, 30 ఏళ్ల వరకు రాయవచ్చు. దానికి ఇప్పుడే తొందర లేదు.

మీ అమ్మాయి సబ్జెక్టులోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని 1941లో అందులో చేరారు. కొన్నేళ్లకు పాఠాలు చెబుతూ, పెద్ద నమూనాలకు (శాంపిల్స్‌కు) బ్రిటిష్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఒక ఫలితాన్ని వివరిస్తుంటే, చిన్న నమూనాలకు దీన్ని నిరూపించలేమా అని ఒక విద్యార్థి అడిగాడు. రావు ఆ రాత్రే కూర్చుని సాధించిన జవాబు 1945లో అచ్చయింది. క్రామర్–రావు అసమానత అని మీ అమ్మాయి చదవబోయేది దాన్నే; నమూనా నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి అది హద్దు చెబుతుంది. అడిగిన విద్యార్థి వి.ఎం.దండేకర్ తర్వాత ఆర్థికవేత్త అయ్యారు. రోజుకు 2,250 కేలరీల తిండికి ఎంత ఖర్చవుతుందన్న లెక్కతో మరో ఆర్థికవేత్త నీలకంఠ రథ్‌తో కలిసి దేశంలో పేదరికాన్ని అంచనా వేశారు. స్టాటిస్టిక్స్ నుంచి ఎకనామిక్స్‌కు వెళ్లడం దారి తప్పడమేమీ కాదు. పాఠం మధ్యలో అలా అడ్డుప్రశ్న వేసే తోటివాళ్లను దూరవిద్య ఇవ్వలేదు.

ఇక వాదనలు. మీ అసలు బాధ ఇదేనని నాకు అనిపిస్తోంది. వేరే ఊళ్ల, వేరే కులాల పిల్లలతో ఒకే గదిలో రెండేళ్లు ఉండి కూడా, ఇంట్లో విన్న మాటలనే మార్పు లేకుండా వెనక్కి తెచ్చి ఉంటే నేను ఆశ్చర్యపోయేవాణ్ని. ఈ అభిప్రాయాల్లో కొన్ని ఉద్యోగంలో చేరాక రాలిపోతాయి, కొన్ని జీవితాంతం ఉంటాయి. ఏవి ఉంటాయో ఆమెకే తెలియదు. ఈసారి కూలి రేట్ల మాట వస్తే అంకెలు ఎక్కడివో అడగండి. జాతీయ నమూనా సర్వే నివేదిక తీసి చూపిస్తే చదువు సాగుతున్నట్టే. వాట్సాప్ సందేశం చూపిస్తే ఆ పూటకు మీరు గెలిచినట్టు!

ఉద్యోగాల మాటకొస్తే, స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ ఉంటే 21 ఏళ్లు నిండాక ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు మాత్రం ఎకనామిక్స్‌లో పీజీ కావాలి. రెండింటినీ యూపీఎస్సీ నిర్వహిస్తుంది. ఆమె ఎకనామిక్స్ చేస్తే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఎకనామిక్స్ ప్రవేశాలు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ (గణితం ఎక్కువగా వాడే ఎకనామిక్స్) పీజీకి వేరే ప్రవేశ పరీక్ష ఉంది. గణితం గట్టిగా ఉన్నవారికి అదే మేలని నా అభిప్రాయం. దాని పాత ప్రశ్నపత్రాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఈ సెలవుల్లో ఒకటి రాయమనండి. ఎకనామిక్స్ భాగంలో తడబడితే, మైక్రో ఎకనామిక్స్ చదువుకోవడానికి ఇంకా మూడో సంవత్సరమంతా ఉంది.