కెనడా వెళ్తున్నారా? ఒంట్లో బాధ మీ మాటలోనే చెప్పండి

సంక్రాంతికి మలక్‌పేటలో మా అమ్మ దగ్గరికి వచ్చి పది రోజులైంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టరుగా పని మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు దాటింది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా సాయంత్రం అయ్యేసరికి ముందుగది నిండిపోతుంది. టొరంటోలో చదువుకోబోయే పక్కింటి అమ్మాయి, బ్రాంప్టన్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్న ఎదురింటి పెద్దమ్మ, గాంధీలో ఎంబీబీఎస్ అయిపోయి "మేడమ్, అక్కడ మాకు సీటొస్తుందా?" అని అడగడానికి వచ్చిన కుర్రాడు. ప్రశ్నల్లో సగం ఇన్సూరెన్స్ మీదే. వాటికి జవాబు చెప్తాను. దానికంటే ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ అడగరు.

చాలా ఏళ్ళ కిందటి మాట. డెబ్బై ఏళ్ళ తెలుగావిడని అక్కడ ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. కొడుకు, కోడలు డ్యూటీలో ఉంటే పన్నెండేళ్ళ మనవడు పక్కన ఉన్నాడు. ఆవిడ "ఆయాసంగా ఉంది నాన్నా" అంది. వాడు డాక్టరుకి ఇంగ్లీషులో అలసటగా ఉందట అని చెప్పాడు. వాడి తప్పేం లేదు. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న "అబ్బ, ఆయాసంగా ఉందిరా" అంటూ సోఫాలో కూలబడటమే వాడు చూశాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి అలసట అంటే ఏ డాక్టరైనా రక్తం తక్కువుందేమో, థైరాయిడేమో అనుకుంటాడు. రక్తపరీక్ష రాసి ఇంటికి పంపించేశారు.

పది రోజుల తర్వాత నా క్లినిక్‌కి వచ్చారు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. తెలుగులో అడిగాను, రాత్రి నిద్ర పడుతోందా అని. "పడుకుంటే ఆయాసం వస్తోందమ్మా, లేచి కూర్చుంటే తగ్గుతోంది. నాలుగు రోజులుగా కుర్చీలోనే తెల్లారుతోంది" అంది. డాక్టరైన ఎవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఆవిడ బతికింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంది. ఆ పిల్లాడు మాత్రం ఆ రోజు గోడ పక్కన నిలబడి "నేను కరెక్ట్‌గానే చెప్పాను కదా" అని ఏడుస్తూనే ఉన్నాడు. అంత బరువు ఆ చిన్నవాడి మీద పెట్టింది పెద్దవాళ్ళం మనమే.

అందుకని అక్కడ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట అడగాల్సింది తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని. ఇండియన్ లాంగ్వేజ్ అనకండి, హిందీవాళ్ళని కలిపేస్తారు. తెలుగు అని స్పష్టంగా చెప్పండి. మనిషి దొరక్కపోతే చాలాచోట్ల ఫోన్లో కలుపుతారు. కొంచెం ఆలస్యమవుతుంది, ఆగండి. మీకు ఇంగ్లీషు బాగా వచ్చినా మీ అమ్మగారి వంతు వచ్చినప్పుడు ఇంటర్‌ప్రెటర్‌నే అడగండి. కొడుకు ముందు చెప్పలేని బాధలు ఆడవాళ్ళకి ఉంటాయి. అమెరికా వెళ్ళేవాళ్ళకైతే ఇది చట్టం ఇచ్చిన హక్కు. 1964 పౌరహక్కుల చట్టం, 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు మీ దగ్గర పైసా తీసుకోకుండా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాలి. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత చెప్పించకూడదని కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్. ఒంటారియోలో పీఆర్‌తో (శాశ్వత నివాస అనుమతితో) దిగినవాళ్ళు దిగగానే ఓహిప్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డుకి అప్లై చేసుకోవచ్చు. ఇదివరకు మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020 మార్చిలో తీసేశారు. ఫుల్‌టైమ్ ఉద్యోగంతో వర్క్ పర్మిట్ మీద వెళ్ళేవాళ్ళకీ వస్తుంది, కనీసం ఆరు నెలల పని ఉండాలి. స్టూడెంట్లకి ఓహిప్ రాదు. యూనివర్సిటీ వాళ్ళ ప్లానో, కాలేజీ ప్లానో ఉంటుంది, దాని కాగితం ఇక్కడే చదువుకోండి. ఏ కార్డూ లేని రోజున జబ్బు చేస్తే ఇంట్లో పారాసెటమాల్ వేసుకుంటూ కూర్చోవద్దు. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లని ఉంటాయి, కార్డు లేనివాళ్ళనీ చూస్తాయి. అర్ధరాత్రి సందేహమొస్తే 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది. ఓహిప్ ఉన్నా పాతికేళ్ళ నుంచి అరవై ఐదు లోపు మామూలు ఉద్యోగస్తుడికి మందుల ఖర్చు అందులో రాదు. పళ్ళ డాక్టరు ఖర్చూ రాదు. పన్ను నొప్పి ఉన్నవాళ్ళు ఇక్కడే చూపించుకుని ఎక్కండి.

పేరెంట్స్‌ని సూపర్ వీసా (అమ్మానాన్నలు ఎక్కువకాలం ఉండటానికిచ్చే వీసా) మీద తీసుకెళ్ళేవాళ్ళు కనీసం లక్ష డాలర్ల దాకా వైద్యఖర్చు భరించే మెడికల్ ఇన్సూరెన్స్ ఏడాదికి కొనాలి. చాలామంది అది కొనేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. అందులో పాత జబ్బుల షరతు ఒకటి ఉంటుంది. మందు డోసు మారకుండా, కొత్త బాధ రాకుండా ఇన్ని రోజులు ఉంటేనే ఆ జబ్బుకి డబ్బిస్తామని రాస్తారు. ఫారంలో దాచిన బాధ అక్కడ బయటపడితే క్లెయిమ్ కొట్టేస్తారు. "బీపీ ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందట" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మందుల చీటీలో బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. ఇక్కడ రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. అలాంటివి చాలా వరకు అక్కడ దొరకవు.

ఇక ఫ్యామిలీ డాక్టరు సంగతి. హైదరాబాదులో గుండెల్లో కాస్త పట్టేసినట్టుంటే నేరుగా కార్డియాలజిస్టు దగ్గరికే వెళ్తాం. ల్యాబువాళ్ళు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. అక్కడ స్పెషలిస్టు దగ్గరికి మామూలుగా ఫ్యామిలీ డాక్టరు ఉత్తరం లేకుండా వెళ్ళలేం. లక్షల మందికి ఫ్యామిలీ డాక్టరు దొరకడం లేదు కాబట్టి దిగిన వారంలోనే హెల్త్ కేర్ కనెక్ట్‌లో (డాక్టరుని వెతికిపెట్టే ప్రభుత్వ సేవ) పేరు రాయించుకోండి. మనవాళ్ళు ఈ డాక్టరుని గేటు దగ్గర చీటీ ఇచ్చే మనిషిలా చూస్తారు. "వాళ్ళకేం తెలుసు, రిఫరల్ రాయడమే కదా" అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది.

ఆ ఉత్తరంలో ఏం రాస్తానన్న దాన్ని బట్టి మీరు మూడు వారాల్లో స్పెషలిస్టుని చూస్తారా, ఎనిమిది నెలల తర్వాత చూస్తారా అన్నది తేలుతుంది. మీరు "కొంచెం మోకాలు నొప్పి డాక్టర్" అని మొహమాటపడితే నేను కొంచెం నొప్పి అనే రాస్తాను. "బాత్రూమ్‌లో కూర్చుంటే పట్టుకుని లేపాలి, అందుకని నీళ్ళు తాగడం మానేశాను" అని చెప్తే ఆ మాటే రాస్తాను. మోకాలు అదే, ఉత్తరం మాత్రం వేరవుతుంది. పనిచోట బరువులు ఎత్తనివ్వొద్దని యజమానికి రాయాలన్నా, అద్దె ఇంట్లో గోడలకి బూజు పట్టి పాపకి ఉబ్బసం ఎక్కువైందని ఇంటి ఓనరుకి రాయాలన్నా రాస్తాను. అది నేను చేసే ఉపకారం కాదు, నా పనిలో భాగం. కెనడాలో డాక్టరుకి ఉండాల్సిన ఏడు పాత్రలంటూ 1996లో క్యాన్‌మెడ్స్ అని ఒకటి రాసుకున్నారు. రోగి పక్షాన నిలబడి మాట్లాడటం, అంటే హెల్త్ అడ్వొకసీ, అందులో ఒక పాత్ర. స్టూడెంట్లకి మార్కులు కూడా దాని మీద ఉంటాయి.

ఇది కాగితం మీది మాట కాదు. 2012లో అక్కడి కేంద్ర ప్రభుత్వం శరణార్థులకిచ్చే వైద్యంలో కోత పెడితే డాక్టర్లు తెల్లకోట్లతో రోడ్డెక్కారు, కోర్టుకెళ్ళారు. 2014లో ఫెడరల్ కోర్టు ఆ కోత రాజ్యాంగ విరుద్ధమంది. 2016లో పూర్తిగా తిరిగి ఇచ్చారు. 2021 వసంతంలో బ్రాంప్టన్ ఉన్న పీల్ ప్రాంతంలో కోవిడ్ గోడౌన్లలో, ఫ్యాక్టరీల్లో పాకింది. జ్వరంతోనే షిఫ్టుకి వెళ్ళిన మన పిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. "ఇంట్లో ఉంటే జీతం కట్ ఆంటీ, ఈ నెల ఫీజు కట్టాలి" అన్నారు. వాళ్ళకి ఏ మందు రాయాలి? సిక్ లీవుకి జీతం ఇప్పించమని మేం నెలల తరబడి అడిగాం. ఆ ఏప్రిల్‌లో ఐదు, అంతకంటే ఎక్కువ కేసులు వచ్చిన పనిచోట్లు మూసేయమని పీల్ ఆరోగ్యాధికారి ఆదేశమిచ్చారు. ఆ నెలాఖరుకి ఒంటారియో ప్రభుత్వం మూడు రోజుల జీతం ఒప్పుకుంది. మూడు రోజులు చాలవు. అయినా అది ఊరికే రాలేదు.

గాంధీ కుర్రాడికి చెప్పింది వేరు. పరీక్షల సంగతి వాడికే నాకంటే బాగా తెలుసు. ఎంసీసీక్యూఈ, న్యాక్ అనే పరీక్షలు, తర్వాత రెసిడెన్సీ (పీజీ శిక్షణ) సీట్లు కేటాయించే కార్మ్స్‌లో అప్లికేషన్. ఫ్యామిలీ మెడిసిన్ అయితే రెండేళ్ళ రెసిడెన్సీ. బయటి దేశాల్లో చదివినవాళ్ళకి సీట్లు తక్కువ, రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, మారుతూ ఉంటాయి. ఏజెంటు మాట కాకుండా అసలు వెబ్‌సైటు చూసుకోమన్నాను. వాడి టెన్షన్ అంతా ఇంటర్వ్యూ గురించి. "హెల్త్ ఈక్విటీ గురించి అడుగుతారట మేడమ్, నాకేం తెలుసు?" అన్నాడు. అంటే వైద్యం అందరికీ న్యాయంగా అందడం.

నాకు నా క్లాస్‌మేట్ గుర్తొచ్చాడు. ఇదే ఊళ్ళో, మా కాలేజీలో, నల్గొండ జిల్లా పల్లె నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు. ఫస్టియర్ అనాటమీ వైవాలో తల దించుకుని నిలబడేవాడు. జవాబు తెలుసు, ఇంగ్లీషు మాట రాదు. "ఇలాంటివాళ్ళకి సీట్లెందుకిస్తారో" అని పైకే అన్నవాళ్ళున్నారు. నేను అనలేదు, కానీ ఊరుకున్నాను. మూడో ఏడు వార్డుల్లోకి వచ్చాం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన "దమ్మొస్తంది అమ్మా" అన్నాడు. కాన్వెంటులో చదివిన నాకు దమ్ము అంటే పొగతాగడమే తెలుసు. రోజుకెన్ని బీడీలు అని అడిగాను. ఆయన చెప్పింది ఆయాసం గురించి. మంచం అవతలి నుంచి నా క్లాస్‌మేట్ మెల్లగా, "ఎప్పటిసంది తాతా? పండుకుంటే ఎక్కువైతదా?" అన్నాడు. ఆయన మొహం వాడి వైపు తిరిగింది. తర్వాత అరగంట సేపు నా వైపు తిరగలేదు.

ఆ వార్డులో ఆ పూట అందరికంటే పెద్ద చదువు వాడిది. వాణ్ణి ఫస్టియర్లోనే వెళ్ళగొట్టి ఉంటే ఆ తాత బాధ ఎవరికి అర్థమయ్యేది? మెడికల్ కాలేజీలోకి ఎవరు రావాలి, వచ్చాక ఎవరు నిలబడాలి అన్న ప్రశ్న నాకు అక్కడ మొదలైంది. అక్కడికెళ్ళాక అదే ప్రశ్న ఇంకో రూపంలో కనిపించింది. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ 1918లో నల్లజాతి విద్యార్థుల్ని మెడిసిన్‌లో చేర్చుకోకూడదని తీర్మానించింది. 1965 దాకా అమలు చేసింది. పుస్తకంలో ఉండిపోయిన ఆ తీర్మానాన్ని 2018లో రద్దు చేసి, మరుసటేడు క్షమాపణ చెప్పింది. మూలవాసుల ఆరోగ్యం గురించి ప్రతి మెడికల్ విద్యార్థికీ పాఠం ఉండాలని 2015లో, వాళ్ళకి జరిగిన అన్యాయాన్ని విచారించిన సత్యశోధన కమిషన్ అడగాల్సి వచ్చింది.

పాఠాల్లోనూ అంతే. నేను అక్కడ పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పుడు చర్మవ్యాధుల స్లైడ్లన్నీ తెల్లని ఒళ్ళే. కందితే ఎర్రగా ఉంటుంది అని నేర్పేవాళ్ళం. మన చామనఛాయ మీద అదే కందినచోటు ఊదాగానో, చుట్టూ ఉన్నదానికంటే నల్లగానో ఉంటుంది, చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. ఎర్రదనం కోసం వెతికే స్టూడెంటుకి అది కనిపించదు. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కూడా నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, ప్రమాదంలో ఉన్నా బాగున్నట్టు చూపే అవకాశం నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లని 2020లో మిషిగన్ డాక్టర్లు ప్రచురించారు. స్లైడ్లు మార్చడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కొత్త ఫోటోల్లో కొన్ని రోగుల అనుమతితో నా క్లినిక్‌లోనే తీసినవి.

అందుకే ఆ కుర్రాడితో అన్నాను: నువ్వు బస్తీ దవాఖానా పోస్టింగులో చూసింది చెప్పు. కాలేజీవాళ్ళు పల్లెలో కుటుంబాల ఆరోగ్యం చూసుకోమని దత్తత ఇచ్చారు కదా, వాళ్ళలో షుగర్ మందు మానేసినావిడ ఎందుకు మానేసిందో చెప్పు. "బస్సు కిరాయి లేక మేడమ్, సెంటర్ పొద్దున మాత్రమే ఉంటది, ఆమె కూలికి పోవాలె" అని చెప్పుకుంటూ పోయాడు. ఈక్విటీ గురించి ఏం తెలుసన్నవాడు ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాడు.

నిన్న పెద్దమ్మ మళ్ళీ వచ్చింది, మందుల లిస్టు చూడమని. శుభలేఖ వెనక తెలుగులో పొందికగా రాసుకొచ్చింది. నేను చెప్పినట్టే కింద బాధలు కూడా రాసింది. మోకాళ్ళు, కడుపులో మంట, చివర్లో చిన్న అక్షరాలతో "రెండు మెట్లు ఎక్కితే దమ్మొస్తంది".

"ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

"దసరా నుంచి బిడ్డా. గదేం రోగం, ముసలితనం. పోరనికి చెప్పలే, టికెట్ కొన్నడు గద."

ఇన్సూరెన్స్ ఫారంలో ఆ ముక్క లేదు. రాత్రి వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. ముందు కంగారుపడ్డాడు, తర్వాత టికెట్ మూడు వారాలు వెనక్కి జరిపాడు. రేపు పొద్దున ఆమెకి ఈసీజీ, ఎకో. నేనూ వెంట వెళ్తున్నాను. శుభలేఖ మాత్రం ఆమె చేతికే ఇచ్చి, డాక్టరుకి నువ్వే చదివి చెప్పు అన్నాను.