పొడి చెత్త ఎందుకు పనికిరాకుండా పోతుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తడి, పొడి చెత్తను విడివిడిగానే ఇస్తున్నాము. అయినా పొడి చెత్తలో చాలా భాగం పనికిరాదని పారిశుద్ధ్య కార్మికురాలు అంటున్నారు. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆమె మాట నిజమే అయి ఉంటుంది. హోటల్ నుంచి తెచ్చిన సాంబారు డబ్బాను కడగకుండా పొడి చెత్తకు పెట్టిన నీలం బుట్టలో వేస్తే, అడుగున మిగిలిన నాలుగు చెంచాల సాంబారు పక్కనున్న వార్తాపత్రికలనూ అట్టపెట్టెలనూ తడిపేస్తుంది. నూనె పీల్చుకున్న కాగితాన్ని గుజ్జుగా మార్చినా నూనె విడవదు కనుక కాగితపు మిల్లులు దానిని తీసుకోవు. పాల కవరును మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరించి, కడిగి ఆరబెట్టి ఇవ్వండి. తెగిపడిన ఆ చిన్న ముక్కను ఏరడం ఎవరి తరమూ కాదు. చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి అవి శుభ్రంగా ఉన్నా కొనేవారు అరుదు.

2021 అక్టోబరు 2న మీ నగరంలోనే ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఆకుపచ్చ, నీలం బుట్టలతో పాటు ఎరుపు బుట్ట కూడా ఇవ్వడానికి కారణం ఉంది. బ్యాటరీలు, మందులు, పగిలిన బల్బులు మూడవదానిలోనే వేయాలి. శానిటరీ ప్యాడ్లను, డైపర్లను భద్రంగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెప్పాయి. వాటిని చాలాచోట్ల ఒట్టి చేతులతో ఏరేది పారిశుద్ధ్య కార్మికులే. ముందుగా ఆమెనే మీ సంఘం సమావేశానికి పిలిచి, ఒక రోజు పొడి చెత్తను అందరి ముందు విప్పి చూపించమని కోరండి.