స్నాడ్‌గ్రాస్ కథ మళ్ళీ రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ బతుకుని ఒక జారిపోయిన క్యాచ్‌తో మొదలుపెట్టి అదే క్యాచ్‌తో ముగించావు. నాకు మనసొప్పలేదు. మళ్ళీ రాయి.

ముందు ఆటగాణ్ణి చూపించు. 1908లో న్యూయార్క్ జెయింట్స్ జట్టుకి క్యాచర్‌గా, అంటే మన వికెట్‌కీపర్‌లా బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా వచ్చి, తర్వాత మైదానం చివర కాచే ఔట్‌ఫీల్డ్‌కి మారాడు. 1910లో బ్యాటింగ్ సగటు .321. బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే మూడు హిట్లు కొట్టడమే గొప్ప అని ఒక్క వాక్యం రాయి, లేకపోతే క్రికెట్ చూసే మనవాళ్ళకి ఆ అంకె అర్థం కాదు. 1911లో 51 బేస్‌లు దొంగిలించాడు, అంటే బంతి వేసే పిచ్చర్ కన్నుగప్పి ముందు బేస్‌కి పరుగెత్తాడన్నమాట. 1911 నుంచి మూడేళ్ళు వరసగా జెయింట్స్ అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ గెలిచింది. ఆ జట్టు సెంటర్ ఫీల్డర్ అతను. ఇదంతా నీ వ్యాసంలో ఏదీ?

ఇక 1912 అక్టోబర్ 16. బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ మైదానం, ఆ ఏటి ఛాంపియన్ కోసం బోస్టన్ జట్టుతో ఆడే వరల్డ్ సిరీస్ తేలే ఆట, మామూలు తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక పదో ఇన్నింగ్స్. జెయింట్స్ 2-1తో ముందుంది. బోస్టన్ బ్యాటర్ క్లైడ్ ఎంగిల్ లేపిన తేలిక బంతి స్నాడ్‌గ్రాస్ గ్లవ్‌లో పడి జారింది. నువ్వు అక్కడే ఆగిపోయావు. ఆ వెంటనే వాళ్ళ తర్వాతి బ్యాటర్ హ్యారీ హూపర్ దూరంగా బాదిన బంతిని పరుగెత్తి అద్భుతంగా అందుకున్నది కూడా స్నాడ్‌గ్రాసే. గుండె జారిపోయిన నిమిషంలో అలా పరుగెత్తడం ఎంత కష్టమో ఆలోచించు. తర్వాత బోస్టన్ బ్యాటర్ ట్రిస్ స్పీకర్ గీత బయటికి లేపిన ఫౌల్ బంతి, జెయింట్స్ వాళ్ళు ముగ్గురు ఉండి కూడా ఎవరూ పట్టక, మధ్యలో నేల మీద పడింది. బతికిపోయిన స్పీకర్ హిట్ కొట్టి స్కోరు సమం చేశాడు. చివరికి బోస్టన్ 3-2తో గెలిచింది. పత్రికలు మాత్రం '30,000 డాలర్ల తప్పు' అని ఒక్కడి మెడకే చుట్టాయి. జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా అతణ్ణి తప్పుపట్టలేదు, పైగా జీతం పెంచాడు. ఈ సంగతి తప్పకుండా పెట్టు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. పత్రిక డెస్క్‌లో కొత్తగా చేరినప్పుడు, ఒక కుర్రాడు వదిలేసిన క్యాచ్‌ని హెడ్డింగ్ చేశాను. మర్నాడు వాళ్ళ నాన్న ఆఫీసుకొచ్చాడు. గొడవపడలేదు. "అదే మ్యాచ్‌లో మావాడు రెండు క్యాచ్‌లు పట్టాడండీ, అవి ఏ పేజీలో వేశారు?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆయన ముఖం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

స్నాడ్‌గ్రాస్ 1916 దాకా ఆడాడు. కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ ఊరికి మేయర్ అయ్యాడు. 1974లో, 86వ ఏట పోతే, న్యూయార్క్ టైమ్స్ హెడ్డింగ్‌లో మళ్ళీ ఆ 1912 క్యాచే. అరవై రెండేళ్ళ తర్వాత! నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు, ఆ హెడ్డింగ్‌కి జవాబుగా రాస్తానంటే.

హూపర్ క్యాచ్‌కి కనీసం ఒక పేరా ఇవ్వు. ఆదివారంలోగా పంపితే రాత్రే చదివి పెడతాను.

మీ బాబాయి