నాలుగేళ్ల తర్వాతి ఉద్యోగానికి ఇవాళ్టి వార్తల్లో జవాబు దొరకదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరబోతోంది. తనకు సివిల్ అంటే ఇష్టం. మేం కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ, మెషిన్ లెర్నింగ్ స్పెషలైజేషన్ తీసుకోమంటున్నాం. కానీ రోజూ లేఆఫ్ వార్తలు చూస్తుంటే మాకే భయమేస్తోంది. ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయని కొందరు, ఏఐ చదివితేనే ఉద్యోగం అని ఇంకొందరు అంటున్నారు. ఇంత ఖర్చు పెట్టి చదివించాక ఉద్యోగం రాకపోతే ఎలా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ రెండు బ్రాంచ్‌లూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరా? — ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీరు అడిగింది బ్రాంచ్ గురించే అయినా మీ టెన్షన్ వేరే చోట ఉంది. అమ్మాయి చదువు పూర్తయ్యే ఏడాదికి మార్కెట్ పడిపోతే మీ డబ్బు, తన కష్టం ఏమైపోతాయన్నదే మీ భయం. ఇదే ప్రశ్న నా దగ్గరకు రకరకాల బ్రాంచ్‌ల పేర్లతో వస్తూనే ఉంటుంది. పోలిక తర్వాత చెప్తాను, ముందు దీని సంగతి చూద్దాం.

మీరు చూస్తున్న లేఆఫ్‌లన్నిటికీ కారణం ఒక్కటే కాదు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 11,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది 2022 నవంబర్ 9న. చాట్‌జీపీటీ విడుదలైంది అదే నెల 30న. అంటే ఆ ఉద్యోగాలు పోయేనాటికి మీరు భయపడుతున్న ఏఐ ఇంకా జనం చేతికే రాలేదు. 2023 జనవరిలో అమెజాన్ 18,000, గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 ఉద్యోగాల కోత ప్రకటించాయి. దాని వెనక ఉన్నది ఎక్కువగా వడ్డీ రేట్ల కథ. కోవిడ్ సమయంలో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా దగ్గర ఉండేది. జనం ఇళ్లలోనే ఉండి అన్నీ ఆన్‌లైన్‌లో చేసుకునేవారు. ఆ ఊపు ఎప్పటికీ ఉంటుందనుకుని కంపెనీలు ఎడాపెడా మనుషుల్ని తీసుకున్నాయి. తర్వాత ధరలు పెరిగిపోవడంతో అక్కడి కేంద్ర బ్యాంకు 2022 మార్చి నుంచి వడ్డీ పెంచుకుంటూ పోయి, 2023 జులైకి 5.25–5.50 శాతానికి చేర్చింది.

వడ్డీ పెరిగితే ఉద్యోగం ఎందుకు పోతుందని చాలామంది అడుగుతారు. డబ్బు చవకగా దొరికినప్పుడు, ఎప్పుడో పదేళ్లకు లాభం తెచ్చే ప్రాజెక్టు కూడా కంపెనీకి బాగానే కనిపిస్తుంది. డబ్బు ఖరీదైతే ముందు ఆపేది అలాంటి ప్రాజెక్టులనే. కొత్త ప్రాజెక్టులు ఆగితే కొత్తవాళ్లను తీసుకోవడం ఆగుతుంది. ఉన్నవాళ్లను తీసేస్తే పరిహారం ఇవ్వాలి, పేరు పోతుంది, పేపర్లో వస్తుంది. ఫ్రెషర్లను తీసుకోకపోతే పైసా ఖర్చుండదు, ఎవరికీ తెలియదు కూడా. అందుకే మందగమనంలో మొదటి దెబ్బ ఇంకా ఉద్యోగంలో చేరని పిల్లలకే తగులుతుంది. మీ భయంలో నిజం లేదని నేను అనను.

కానీ ఈ గొలుసులో మీ అమ్మాయి బ్రాంచ్ ఎక్కడుందో చూపించండి. సివిల్ తీసుకున్నా ఇదే గొలుసు. ఇళ్లు, రోడ్లు, ఫ్యాక్టరీలు కట్టేది అప్పుల మీదే. అమెరికాలో ఇళ్ల ధరలు కూలిపోయినప్పుడు 2006 నుంచి 2011 మధ్య నిర్మాణ రంగంలో 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. వడ్డీ రేట్లకు, ప్రభుత్వ ఖర్చుకు, డిమాండ్‌కు అందనంత దూరంగా ఉన్న బ్రాంచ్ ఏదీ లేదు. ఉందని ఎవరైనా చెప్తే వాళ్లు సీటు అమ్ముకోవడానికి చెప్తున్నారనుకోండి.

ఇంకో చిక్కు ఉంది. మీరు ఇవాళ్టి వార్త చూసి బ్రాంచ్ ఎంచుకుంటారు, అమ్మాయి బయటికి వచ్చేది నాలుగేళ్లకు. 2011 నుంచి 2014 మధ్య వరకు బ్యారెల్ చమురు 100 డాలర్ల చుట్టూ తిరిగింది. పెట్రోలియం ఇంజినీర్లకు కొత్తగా చేరినప్పుడే పెద్ద జీతాలు ఇస్తున్నారని పిల్లలు ఆ సీట్ల కోసం ఎగబడ్డారు. 2016 మొదట్లో చమురు 30 డాలర్ల కిందికి పడింది. బాగున్న రోజుల్లో చేరిన పిల్లలు సరిగ్గా కంపెనీలు మనుషుల్ని తీసేసే సమయానికి డిగ్రీలతో బయటికి వచ్చారు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది కంప్యూటర్ సైన్స్‌లో. 2000లో డాట్‌కామ్ బుడగ పగిలాక, అంటే ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక, అమెరికాలో ఆ బ్రాంచ్‌లో చేరేవాళ్లు బాగా తగ్గిపోయారు. సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందన్నారు. 2007లో ఐఫోన్, మరుసటి ఏడాది యాప్ స్టోర్ వచ్చాయి. భయపడి పక్కకు వెళ్లినవాళ్లు ఆ తర్వాతి పదేళ్ల మంచి కాలాన్ని పోగొట్టుకున్నారు. రెండు చోట్లా తల్లిదండ్రులు చేసింది ఒకటే పని, ఆ ఏడాది వార్త చదివి నిర్ణయం తీసుకోవడం.

సరే, మరి అమ్మాయి చదువు పూర్తయ్యే ఏడాదే మార్కెట్ బాగా లేకపోతే? దీని మీద మంచి పరిశోధనే ఉంది. కెనడాలో మాంద్యం సమయంలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ల సంపాదనను ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో వాళ్ల సంపాదన సుమారు 9 శాతం తక్కువ. ఐదేళ్లకు ఆ తేడా సగమైంది, పదేళ్లకు దాదాపు పోయింది. ఎలా పోయిందన్నది మీరు జాగ్రత్తగా చదవాల్సిన విషయం. వాళ్లు మొదట చిన్న కంపెనీల్లో, తక్కువ జీతాలకు చేరారు. తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ మెరుగైన కంపెనీలకు మారారు. మొదటి ఉద్యోగం చిన్నదని ఇంట్లో కూర్చుని ఉంటే ఆ మెట్లే ఉండేవి కావు. కాబట్టి చెడ్డ ఏడాది వస్తే నష్టం ఉంటుంది, కానీ దాన్ని పూడ్చుకోవచ్చు. ఇది నేను మీకు ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు.

ఇక ఏఐ స్పెషలైజేషన్. ఏఐ పెద్ద మార్పు తెస్తోందని నేనూ నమ్ముతాను. నాకు నమ్మకం కుదరనిది ఆ పేరు తగిలించిన నాలుగేళ్ల డిగ్రీ మీదే. ఇవాళ మనం వాడే చాట్‌బాట్లకు మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతి 2017లో వచ్చింది. అంతకుముందు రాసుకున్న ఏ సిలబస్‌లోనూ అది లేదు. 2022 తర్వాత వాడే పనిముట్లు మళ్లీ మారిపోయాయి. ఇంత వేగంగా మారే రంగాన్ని అందుకునేంత వేగంగా కాలేజీ సిలబస్ మారదు. మారకుండా నిలిచేవి వేరే ఉన్నాయి: లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్‌లు. స్పెషలైజేషన్ పేపర్లకు చోటు కావాలంటే కోత పెట్టేది తరచుగా వీటికే. పునాది తీసి పై అంతస్తు కడుతున్నట్టుంది. నాకు ఇది బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలు కష్టపడేవాళ్లు, వాళ్లకు అందాల్సింది అందడం లేదు.

పైగా కొత్త మోడళ్లను తయారుచేసే ఉద్యోగాలు ప్రపంచం మొత్తం మీదా తక్కువే. వాటికి సాధారణంగా మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ అడుగుతారు, గణితం గట్టిగా ఉండాలి. మిగతావన్నీ ఏఐని వాడి ఏదో ఒక పని చేసే ఉద్యోగాలు. వాటిలో ముందు ఆ పని తెలిసి ఉండాలి. వంతెన డిజైన్ తెలిసిన ఇంజినీర్ ఒక ఏఐ టూల్‌ను కొన్ని నెలల్లో నేర్చుకోగలదు. టూల్ మాత్రమే తెలిసిన మనిషి వంతెన డిజైన్ నేర్చుకోవాలంటే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

ఏఐ ఉద్యోగాలు తీసేస్తుందా అన్నారు. 2016లో జెఫ్రీ హింటన్ అంతటి ఏఐ శాస్త్రవేత్త, ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని, ఐదేళ్లలో కంప్యూటర్లు వాళ్లకంటే బాగా చేస్తాయని అన్నారు. ఇప్పటికీ చాలా దేశాల్లో రేడియాలజిస్టుల కొరతే ఉంది. ఆ మాట విని ఆ కోర్సు మానేసిన డాక్టరు ఎవరైనా ఉంటే ఎంత నష్టపోయి ఉంటారో ఆలోచించండి. కానీ ఇంకో వైపూ చెప్పాలి. 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికాలో జీతాల రికార్డులు పరిశీలించారు. ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న పనుల్లో 22–25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు, మిగతా పనులతో పోలిస్తే 13 శాతం తగ్గాయని తేల్చారు. సాఫ్ట్‌వేర్ డెవలపర్ల పని కూడా వాటిలో ఒకటి. అవే పనుల్లో అనుభవం ఉన్నవాళ్ల ఉద్యోగాలు అలా తగ్గలేదు. పుస్తకంలో దొరికే జ్ఞానాన్ని యంత్రం అందుకుంటోంది, పనిలో దిగి నేర్చుకున్నదాన్ని ఇంకా అందుకోలేకపోతోందని వాళ్ల వివరణ. కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదివినా, సివిల్ చదివినా, డిగ్రీలో ఉండగానే నిజమైన పని మీద చెయ్యి పెట్టాలి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కొని తెచ్చుకోవడం కాదు, ఎవరిదో ఒక సమస్యను మొదటి నుంచి చివరి దాకా తీర్చడం.

ఇప్పుడు మీకు కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మీ ఉత్తరంలో అమ్మాయి ఇష్టం ఒక్క వాక్యంలో అయిపోయింది. సివిల్ ఎందుకు ఇష్టమో రాయలేదు. తనను ఎప్పుడైనా అడిగారా? ‘మేం తీసుకోమంటున్నాం’ అని రాశారు కానీ, దానికి తను ఏమందో రాయలేదు. నిద్ర పట్టనిది మీకు, బ్రాంచ్ మార్చుకోవాల్సింది తనా? ‘ఇంత ఖర్చు పెట్టి’ అన్న మాట తన ముందు ఎన్నిసార్లు అన్నారో గుర్తు తెచ్చుకోండి. రోజూ లేఆఫ్ వార్తలు చూస్తూ ఇంట్లో గట్టిగా మాట్లాడుకుంటే, పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు చదువు మీద ఏం నమ్మకం మిగులుతుంది? ఆ అలవాటు ఇవాళే మానండి. వచ్చే మాంద్యాన్ని మీరు ఆపలేరు, ఇంట్లో టెన్షన్ మాత్రం మీ చేతిలోనే ఉంది.

మీరు నిజంగా కూర్చుని లెక్క వేయాల్సింది చదువుకు ఎంత అప్పు చేస్తున్నారన్నది. నా ఉద్దేశంలో బ్రాంచ్ కంటే ఇదే పెద్ద ప్రశ్న. నెలనెలా పెద్ద వాయిదా కట్టాల్సిన పిల్ల, నేర్పే చిన్న కంపెనీని వదిలి, ఏమీ నేర్పకపోయినా ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్తుంది. పైన చెప్పిన మెట్లు ఎక్కే వీలు అప్పు లేనివాళ్లకే ఎక్కువ. ఏఐ పేరు ఉందని అదనపు ఫీజు అడిగితే, ఆ అదనానికి ఏం వస్తోందో లిఖితపూర్వకంగా అడగండి.

పోలిక అడిగారు కదా. సివిల్‌లో మొదటి జీతం సాధారణంగా తక్కువ, పెరుగుదల నెమ్మది, సైట్ మీద ఎండలో నిలబడాలి. అయితే అక్కడ అనుభవానికి ఏటేటా విలువ పెరుగుతుంది, పదేళ్ల కిందట నేర్చుకున్నది ఇవాళా పనికొస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో మంచి రోజుల్లో మొదటి జీతం ఎక్కువ, ఎక్కడి నుంచైనా పని చేయవచ్చు, కానీ నేర్చుకోవడం ఒక్క ఏడాది ఆపినా వెనకబడిపోతారు. రెండూ ఆర్థిక వ్యవస్థతో పాటు లేచి పడేవే. ఆడపిల్ల సైట్ మీద ఎలా అన్న అనుమానం మీకుంటే, డిజైన్, ప్లానింగ్, క్వాంటిటీ సర్వే పనులూ సివిల్‌లో ఉన్నాయని తెలుసుకోండి. సైట్ మీదికి వెళ్లాలా వద్దా అన్నది తననే తేల్చుకోనివ్వండి.

నాకైతే మీ అమ్మాయి విషయంలో పెద్ద భయం కనిపించడం లేదు. ఈ వయసులో ఫలానాది ఇష్టం అని చెప్పగలిగే పిల్లలు తక్కువ. అందరూ ఒకటి అంటుంటే ఇంకొకటి కావాలని నిలబడ్డ పిల్ల, రేపు ఉద్యోగం ఆలస్యమైనా ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఈ వారం తనను ఒక సివిల్ ఇంజినీర్ దగ్గరకు, ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్ దగ్గరకు తీసుకెళ్లండి. రోజంతా ఏం పని చేస్తారు, గత మాంద్యంలో ఏం జరిగింది, మళ్లీ మొదలుపెడితే ఏం చదువుతారు అని అడగమనండి. మీరు పక్కన ఉండండి కానీ మాట్లాడకండి. మీరు అనుకుంటున్న కాలేజీల కంప్యూటర్ సైన్స్ పూర్తి సిలబస్ తెప్పించి, నేను పైన చెప్పిన పునాది పేపర్లు ఎన్ని ఉన్నాయో తనతోనే లెక్క పెట్టించండి. అప్పటికీ సివిల్ అంటే సివిల్‌లోనే చేర్పించండి. మనసు మారి కంప్యూటర్ సైన్స్ అంటే, స్పెషలైజేషన్ పేరు లేని మామూలు కంప్యూటర్ సైన్స్ సీటు దొరుకుతుందేమో ముందు చూడండి.