బొద్దింక పేగులో గ్రెగరిన్లు కనిపించడం లేదా? నా అనుభవం

డిగ్రీ ప్రాజెక్టు కోసం నాలుగు బొద్దింకలు కోశానని, మైక్రోస్కోప్ హై పవర్‌లో ఎంత వెతికినా గ్రెగరిన్లు (పురుగుల పేగులో బతికే ఏకకణ పరాన్నజీవులు) కనిపించలేదని మీరు రాశారు. ఎమ్మెస్సీలో నాకూ అచ్చం ఇలాగే జరిగింది. రెండు వారాలు టెన్షన్ పడ్డాను.

నేను చేసిన పెద్ద తప్పు, పేగును కుళాయి నీళ్లలో చీల్చడం. మామూలు నీళ్లలో గ్రెగరిన్ ఉబ్బి పగిలిపోతుంది. మిగిలిన రేణువులను చూసి తిండి ముక్కలేమో అనుకుంటాం. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 0.75 గ్రాముల ఉప్పు కలిపి ఆ సెలైన్ వాడండి. క్లోరోఫామ్‌తో బొద్దింక కదలడం ఆగిన వెంటనే కోయండి.

తర్వాత, చోటు చూసుకోండి. తిండిని నలిపే గిజార్డ్ దాటగానే హెపాటిక్ సీకా అనే ఎనిమిది చిన్న గొట్టాలు వేళ్లలా కనిపిస్తాయి. ఇంకా కిందికి వెళ్తే పసుపు దారాల్లాంటి మాల్పీజియన్ నాళికలు (విసర్జన గొట్టాలు). ఆ రెండింటి మధ్యదే మధ్య పేగు, గ్రెగరిన్లు ఉండేది అందులోనే. నేనైతే వెనక పేగులో నిక్టోథీరస్ అనే వేరే ఏకకణ జీవిని చూసి, దొరికేసిందని సంబరపడ్డాను. మా మేడమ్ ఒక్కసారి చూసి, "ఇది సీలియేట్ అమ్మా, గ్రెగరిన్‌కి సీలియా ఉండవు" అన్నారు. సీలియా అంటే కదలడానికి వాడే సన్నని వెంట్రుకల్లాంటివి.

హై పవర్ వద్దు. ఒకే కణమైనా కొన్ని అర మిల్లీమీటరు వరకూ ఉంటాయి, 10ఎక్స్ లెన్స్ చాలు. రంగు వేయకుండా, డయాఫ్రం కాస్త మూసి వెలుతురు తగ్గించి చూడండి. బొద్దింకలో ఉండే గ్రెగరిన్ జాతి గ్రెగరైనా బ్లాటారం తరచుగా జంటగా, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటుంది. ముందుది ప్రైమైట్, వెనకది శాటిలైట్. కాళ్లు లేవు, సీలియా లేవు, అయినా మెల్లగా, తిన్నగా జారిపోతుంది! నాకది ఏడో బొద్దింకలో దొరికింది. ల్యాబ్ మూసేస్తామన్నా లేవలేకపోయాను.

మలేరియా పరాన్నజీవిదీ ఇదే ఎపికాంప్లెక్సా వర్గం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో చూసింది వీటి దూరపు చుట్టాన్నే. రోజూ బేగంపేట మీదుగా వెళ్లేదాన్ని. ఆయన పేరున్న భవనం వైపు మనసు పెట్టి చూసింది మాత్రం ఆ తర్వాతే.

ప్రతి బొద్దింకలోనూ ఉండవు, కాబట్టి నాలుగుతో ఆపకండి. కోసే ముందు రెండు రోజులు డబ్బాలో ఉంచి, అది వేసిన రెట్టను పెట్రీడిష్‌లో తడి ఫిల్టర్ పేపర్ మీద పెట్టండి. అందులో తెల్లగా, గుండ్రంగా గామెటోసిస్టులు (గ్రెగరిన్ జంట చుట్టూ ఏర్పడే గుళ్లు) దొరికితే అదృష్టమే. కొన్ని రోజులకు వాటి నుంచి సన్నని గొట్టాలు పొడుచుకొచ్చి, ఊసిస్టులు (కొత్త తరాన్ని మోసే చిన్న గుళికలు) గొలుసుల్లా బయటికి వస్తాయి. ఈలోగా ఫంగస్ పట్టేలా ఉంటే సిస్టులను బ్రష్‌తో కొత్త పేపర్ మీదికి మార్చండి.